దల్మా కొండ మీద రెండు కిలోలు

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో నేను రిక్షా పిలిస్తే, రిక్షావాడు ముందు నన్ను చూసేవాడు, తరువాత వంగి తన టైర్లు చూసుకునేవాడు, ఆ తరువాతే బేరం మాట్లాడేవాడు. బిష్టుపూర్ బజారులో ఒకడైతే టైర్లు కూడా చూసుకోలేదు. "రెండో ఆయన ఎక్కడ భయ్యా?" అని అడిగాడు. వేళాకోళమేమీ కాదు పాపం. నా వెనక ఇంకో మనిషి నిలబడ్డాడనే అనుకున్నాడు.

ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి కాబట్టి ఈ యాత్రలో మీకు పెద్ద సంగతులేవీ దొరకవు. దల్మా కొండ ఎత్తెంత, ఎన్ని యుగాల నాటిది, ఎన్ని ఏనుగులున్నాయి అనేవి చదువుకున్నవాళ్ళని అడగండి. మేం ఏం తిన్నాం, ఎవరు పెట్టారు, ఎవరు ఎత్తుకుపోయారు అనేవి మాత్రం నన్నడగండి. పదేళ్ళు దాటినా మెతుకు మెతుకూ చెప్తాను.

అప్పటికి నేను కార్ఖానాలో టెంపరరీ ఖలాసీని. క్రేను కింద నిలబడి గొలుసులు తగిలించడం నా పని. డెబ్బైల చివర్లో ఒక క్రేను ఆపరేటరు సీటు ఖాళీ అయింది. ఫోర్‌మన్ నా పేరు రాశాడు. ఆ సీటు దొరికితే నౌకరీ పర్మినెంటు. కానీ సీటు అరవై మెట్ల ఇనప నిచ్చెన పైన ఉంది. పరీక్ష రోజున డాక్టరుగారు నన్ను ఎక్కించి, కింద నుంచి పేరు చెప్పమన్నారు. పైకైతే చేరాను గాని, పేరు రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఊపిరే వచ్చింది. దిగాక కాటా మీద నిలబెడితే తొంభై ఒకటి. "ఆరు వారాలు టైమిస్తాను. ఎనభై ఐదుకి రా. లేకపోతే రెండో పేరువాణ్ణి పిలుస్తాను" అన్నారు.

ఐదు వారాలు కీర దోసకాయలు నమిలి ఎనభై ఏడుకి వచ్చాను. అక్కడ ముల్లు మొరాయించింది. సోమవారం పరీక్షంటే ఆ ముందు గురువారం నాటికి కూడా ఎనభై ఏడే.

ఘోష్‌దా లిస్టు

ఘోష్‌దా మా టైమాఫీసులో గుమాస్తా. యాభై దాటిన బ్రహ్మచారి, డేరా కర్రలా ఉండేవాడు. ఏటా మోదుగలు పూసే రోజుల్లో ఒక గుడ్డ డేరా భుజానేసుకుని దల్మా ఎక్కి, మూడు రోజులుండి వచ్చేవాడు. నా కాటా సంగతి విని, "నాతో రా. నడక నాది, తిండి నాది, రెండు కిలోలు కొండ మీద వదిలేసి వద్దాం" అన్నాడు.

కేలరీ అనే మాట నేను మొట్టమొదట విన్నది ఆయన నోటే. ఒంట్లో కాలే బొగ్గురా అది, అని చెప్పాడు. నీ కొలిమికి రోజూ ఎంత కావాలో దానికి రెండింతలు పోస్తున్నావు, కాలనిదంతా నడుం చుట్టూ పేరుకుపోయింది అన్నాడు. కార్ఖానా మనిషికి ఇంతకన్నా బాగా ఏ డాక్టరు చెప్పగలడు?

లిస్టు కూడా బొగ్గు కొలిచినట్టే రాశాడు. మనిషికి రోజుకి రెండు గుప్పిళ్ళు వేయించిన శనగలు, నాలుగు గుప్పిళ్ళ మూడీ (మన మరమరాలే, అక్కడ మూడీ అంటారు), ఆరు చెంచాల సత్తు, కీర దోస, ముల్లంగి, జామకాయలు, నిమ్మకాయ, పంచదార లేని టీ. నూనె, నెయ్యి దగ్గర రెండు సున్నాలు చుట్టాడు. సత్తు అంటే వేయించిన శనగల్ని పిండి కొట్టినది. బీహారు కూలీలు దాన్ని నీళ్ళలో కలిపి ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరప వేసుకుని తాగి రోజంతా ఇటుకలు మోస్తారు. పెసలు తడిగుడ్డలో మూటకట్టి సంచీ వెనక వేలాడదీశాడు. మనం నడుస్తుంటే అవే మొలకెత్తుతాయట. నాకది నిజంగా గొప్పగా అనిపించింది. వంటవాడు లేడు, పొయ్యి లేదు, మన నడకే వంట.

సత్తు మాత్రం ఎవరిది వాళ్ళకి వేరువేరు గుడ్డ సంచుల్లో కట్టి పేర్లు రాశాడు. నా మీద నమ్మకం లేక.

మా అయ్య బయలుదేరడం

మాది బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు. మా అయ్య పలాస అవతల నించి వచ్చి, టాటానగర్ పార్సిలాఫీసులో ముప్పై ఏళ్ళు సామాన్లు ఎత్తి, తూచి, రిటైరయ్యాడు. తన మనవడి కోసం క్వార్టరు ముందు కట్టిన ఉయ్యాలలో తనే ఊగుతూ కూర్చునేవాడు. నా చిన్నప్పుడు ప్రతి ఒకటో తారీకునా నన్ను తీసుకెళ్ళి పార్సిలు కాటా మీద నిలబెట్టేవాడు. ముల్లు కిందటి నెల కంటే ఒక గీత ముందుకెళ్తే తోటివాళ్ళకి జిలేబీ పంచేవాడు. ఇంట్లో మూడు పూటలా వరన్నమే. చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు) అన్న మాట వినపడకూడదు. మా అమ్మ ఒకసారి పక్కింటివాళ్ళు పెట్టారని చోడిపిండి తెస్తే, ఆ గిన్నెతో సహా తిరిగిచ్చేసి రమ్మన్నాడు. ఎందుకో మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అలాంటి మనిషి ముందు ఐదు వారాలు నేను కీర దోసకాయలు తిన్నాను. ఇంట్లో ఇత్తడి సామాను ఒక్కొక్కటీ అమ్మేస్తుంటే చూస్తున్నవాడిలా చూసేవాడు. గురువారం సాయంత్రం సంచీ సర్దుతుంటే వచ్చి, దల్మా మీద శివుడికి తనకో మొక్కుందనీ, తానూ వస్తాననీ చెప్పాడు. ఎప్పటి మొక్కు అంటే పాతదన్నాడు. ఏం మొక్కు అంటే దేవుడి సంగతి నీకెందుకన్నాడు. ఘోష్‌దా ఆయన పేర ఇంకో సత్తు సంచి కడితే, మూడూ తనే మోస్తానని తీసుకున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి అంత ఉబలాటపడుతుంటే నాకు ముచ్చటేసింది. అనుమానం రావలసింది, రాలేదు.

మానగో దాటాక

శుక్రవారం పొద్దున్న మానగో వంతెన దగ్గర సువర్ణరేఖలో మొహాలు కడుక్కుని నిలబడ్డాం. ఇటుకలు దింపేసి ఖాళీగా వెళ్తున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు సర్దార్జీ. మనిషికి అర్ధరూపాయి అన్నాడు, నన్ను చూసి రూపాయి అన్నాడు, అంతలో మా అయ్య తెల్లమీసం చూసి ఏమీ వద్దన్నాడు. నన్ను మాత్రం సరిగ్గా లారీ మధ్యలో కూర్చోమని, ఒక పక్కకి జరగొద్దని చెప్పాడు.

కొండ కింద డిమ్నా దగ్గర దిగాక సర్దార్జీ తన టిఫిను విప్పాడు. వెన్న కారుతున్న పరాఠాలు. ముందు నాకే చాపాడు. మన వైపు లారీవాళ్ళు కూడా మంచివాళ్ళే గాని, దారిన పోయేవాడికి తన క్యారేజీలోంచి ముందు ముక్క తీసి పెట్టడం నేను పంజాబీవాళ్ళలోనే చూశాను. ఘోష్‌దా జేబులోంచి లిస్టు తీసి, ఇందులో లేదని చెప్పాడు. సర్దార్జీ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఇది తిని ఈ మనిషి కొండెక్కడం ఎలాగని అడిగాడు. మా అయ్య తెలుగులోనే, "నానూ అదే అడుగుతన్నాను బాబూ" అన్నాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోయినా, విడిపోయేటప్పుడు చుట్టాల్లా చేతులు పట్టుకున్నారు.

అడవిలో ఇప్పపూలు రాలే కాలం అది. ఆడవాళ్ళు పొద్దున్నే చెట్టు కింద ఆకులు ఊడ్చి, పాలముత్యాల్లాంటి పూలు బుట్టలకెత్తుతున్నారు. ఒకామె ఘోష్‌దా అడక్కుండానే దోసెడు పోసింది. నోట్లో వేసుకుంటే తేనె. లిస్టులో ఇప్పపూల మాట లేదు కాబట్టి నేను తినవచ్చని వాదించాను. లిస్టులో రాళ్ళ మాట కూడా లేదు అన్నాడు ఘోష్‌దా.

కొండముచ్చులు

మధ్యాహ్నానికి ఒక సెలయేటి పక్కన, సాలు (గుగ్గిలం) చెట్ల కింద డేరా వేశాం. నేను నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. నా కాళ్ళని అంత తీరిగ్గా చూసుకుని చాలా ఏళ్ళయింది. అవి నాకు పరిచయం లేనివాళ్ళవిలా కనిపించాయి.

వెనక్కి తిరిగేసరికి కొండముచ్చులు పని పూర్తిచేశాయి. కీర దోసకాయలు పోయాయి, ముల్లంగి పోయింది, మానగోలో పావలాకి డజను చొప్పున కొన్న జామకాయలు పోయాయి. ఒక పెద్ద కొండముచ్చు కొమ్మ మీద కూర్చుని నా ముల్లంగిని చివర్నించి శ్రద్ధగా నములుతోంది. ముట్టనివి ఏవయ్యా అంటే డబ్బాలోని శనగలు, మూడీ, నిమ్మకాయలు, తడిగుడ్డలో పెసల మూట, మా అయ్య తల కింద పెట్టుకుని పడుకున్న సత్తు సంచులు.

మా అయ్య లేచి చూసి, "ఆటికి కూడా డాట్రు పత్యం రాసినట్టున్నాడ్రా" అన్నాడు.

సత్తు సంచి

కాబట్టి ఆ సాయంత్రం నుంచి సత్తే అసలు తిండి అయింది. ఘోష్‌దా తన సంచిలోంచి ఆరు చెంచాలు తీసి లోటాలో నీళ్ళు, ఉప్పు, నిమ్మకాయ కలుపుకున్నాడు. మా అయ్య నా సంచి నా చేతికిస్తూ, నీళ్ళలో కలిపితే నీకు పడదు, పొడిగానే తిను అన్నాడు.

పిడికెడు నోట్లో వేసుకున్నాను.

అది సత్తు కాదు. మినప్పప్పు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, బెల్లం కోరు కలిపి, నెయ్యి పోసి పిసికిన సున్ని. మా అమ్మ చేతిది. ఉండలు చుడితే సున్నుండలు, చుట్టకపోతే మోసం. సత్తు ఖాళీ చేసి ఆ సంచీలో ఇది నింపాడన్నమాట. పైన నా పేరు, ఘోష్‌దా చేతిరాత, చెక్కుచెదరకుండా ఉంది.

నేనప్పుడే ఆ మాట పైకి చెప్పెయ్యాలి. సోమవారం కాటా ఉంది, అరవై మెట్లున్నాయి, రెండో పేరువాడున్నాడు. చెప్పలేదు. పరాయి మనిషి ముందు మా అయ్య పరువు పోతుందని ఒక కారణం. ఐదు వారాల తర్వాత నాలిక మీద బెల్లం, నెయ్యి పడ్డాయని ఇంకో కారణం. ఏది పెద్ద కారణమో మీకు తెలుసు, నేను అబద్ధమాడను. సెలయేటి వైపు తిరిగి కూర్చుని, కళ్ళు మూసుకుని తిన్నాను.

ఘోష్‌దా నన్ను చూసి ఆనందపడ్డాడు. చూశారా బాబూ, మీవాడు ఒక్క రోజులో బీహారీ అయిపోయాడు, సత్తుని ఎంత ప్రేమగా తింటున్నాడో అని మా అయ్యకి చూపించాడు. మా అయ్య అవునవునని తలూపాడు. ఆయన మొహంలో అప్పుడున్న వెలుగు నేను పార్సిలు కాటా దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు.

శనివారం పొద్దున పెసలు నిజంగానే మొలకెత్తాయి. నేను వాటిని రెండే రెండు నమిలి, నాకు సత్తు చాలన్నాను. ఎక్కుతుంటే ప్రతి వంద అడుగులకీ సోమవారం గుర్తొచ్చేది, మళ్ళీ సంచిలో చెయ్యి పెట్టేవాణ్ణి. భయం వేస్తే ఆకలి చచ్చిపోతుందంటారు. నాకు భయం వేసినప్పుడే ఎక్కువ ఆకలేసేది.

మడువా జావ

కొండ నడుం మీద ఆరిళ్ళ ఊరొకటి ఉంది. గోడలకి ఎర్రమన్ను, తెల్లమన్ను, మసిరంగు పట్టీలు పట్టీలుగా పూసుకుంటారు అక్కడి సంతాల్ గిరిజనులు. మా వైపు పండక్కి కూడా అంత నున్నగా అలకరు. ఒక ఇంటి ముందు ముసలామె చాప మీద ఇప్పపూలు ఆరబోస్తోంది. మా అయ్య ఆయాసపడడం చూసి, మంచం వాల్చి, ముందుగా ఒక లోటా నీళ్ళు తెచ్చి ఆయన ముందు నేల మీద పెట్టి, వంగి నమస్కారం చేసింది. అక్కడ ఇంటికొచ్చినవాడికి చేసే మర్యాద అదట. మనవాళ్ళు గుమ్మంలోనే అన్నం తిన్నారా అని అడుగుతారు. వాళ్ళు ఏమీ అడగరు, కాళ్ళకి నీళ్ళిస్తారు, తరువాత తిండి అదే వస్తుంది.

వచ్చింది. సాలాకు దొప్పల్లో ముదురు గోధుమరంగు జావ, పక్కన ఉడికించిన ఉలవలు, ఏదో అడవాకు కూర. నూనె చుక్క లేదు. మడువా అంది. ఘోష్‌దా తన లిస్టు ఆమెకి చూపించి, నేను ఇన్నేళ్ళు రాసినది నువ్వు ఊరికే వండేశావు అని బెంగాలీలో చెప్పాడు. ఆమె ఆ కాగితం తీసుకుని పొయ్యి రాజెయ్యడానికి దాచుకుంది.

నేను మా అయ్య వంక చూశాను. మడువా అంటే చోళ్ళే. ఆ దొప్పలోది ఆయన మా ఇంట్లో పేరెత్తనివ్వని అంబలి. తోసేస్తాడనుకున్నాను. దొప్ప రెండు చేతులా పట్టుకుని, కాసేపు వాసన చూసి, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. మళ్ళీ పట్టాడు. ఆమె పోసింది. మూడోది కూడా తాగి, దొప్ప కింద పెట్టి, మీసం తుడుచుకుని, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

పెళ్ళికి ముందు మాటట. మేనమామ వెంట టాటానగర్ వచ్చి పార్సిలాఫీసు కూలి పనికి నిలబడ్డాడు. ఊళ్ళో రెండు పూటలా అంబలే, పండక్కి వరన్నం. కాటా మీద నిలబెట్టారు. పద్నాలుగు పౌన్లు తక్కువ. చేతులు బాగున్నాయి గాని మనిషి చాలడని చెప్పి పంపేశారు. ఊరికి తిరిగెళ్తే వాళ్ళమ్మ, అంటే మా నానమ్మ, అంబలి గిన్నె ముందు పెట్టుకుని, నేను పెట్టింది చాల్లేదురా అని ఏడ్చిందట. మరుసటేడు మేనమామ కాటాకి ముందు డజనున్నర అరటిపళ్ళు తినిపించి, రెండు లోటాల నీళ్ళు తాగించి నిలబెట్టాడు. పాసయ్యాడు. గోడౌను వెనక్కెళ్ళి అంతా కక్కేశాడు. ఆ కబురు ఊరికి అందేసరికి నానమ్మ లేదు.

"నన్ను తక్కువ తూగినానని ఎనక్కి పంపీసినారు. నిన్ను ఎక్కువ తూగినావని పంపీత్తారంట. నాకేటి తెల్సు సిమ్మాద్రీ, పెట్టడమే తెల్సు నాకు" అన్నాడు.

నేను నా దొప్పలో మిగిలిన జావ తాగేశాను.

మా అయ్య నా సంచి వైపు చూసి, "ఆ సంచీలోది సత్తు కాదురా" అన్నాడు.

"తెల్సయ్యా."

"ఎప్పుడు తెల్సు?"

"మొదటి పిడికిలికే."

"మరి ఊరుకున్నావేటి?"

"బాగున్నాది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "దొంగెదవా" అన్నాడు. తరువాత ఇద్దరం నవ్వాం, ఎంతసేపంటే ముసలామె కోళ్ళు బెదిరి చెట్టెక్కాయి. మరి నా సత్తు ఏం చేశావని అడిగితే, పారేస్తే పాపం కాదేటి, నేనే తింటున్నానన్నాడు. రెండు రోజులుగా తన వంతూ నా వంతూ నీళ్ళలో కలుపుకుని ఆయన తాగుతున్నాడు. నా పథ్యం మా అయ్య చేస్తున్నాడు, నా మొక్కేదో ఆయన చెల్లిస్తున్నట్టు.

నవ్వుకి కారణం అడిగి తెలుసుకున్న ఘోష్‌దా మాత్రం నవ్వలేదు. సంచి లాక్కుని, ఎంత తిన్నానో చేత్తో తూచి చూసి, మంచం మీద కూలబడ్డాడు. ఈ బొగ్గు దించాలంటే దల్మా ఒకటి చాలదురా, హిమాలయాలు కావాలి అన్నాడు. మా అయ్య ఆ సంచి ఆయన చేతిలోంచి తీసుకుని ముసలామెకి ఇచ్చేశాడు. ఆమె చిటికెడు రుచి చూసి, ఇది బాలింతలకి పెట్టే సరుకు కదా, ఈయనకెందుకు పెట్టారని అడిగింది. మా వైపు పెద్దమనిషైన ఆడపిల్లకి పెడతారని నేను చెప్పలేదు. ఉన్నది చాలు.

ఆమె బదులుగా శేరు మడువా పిండి, రెండు దోసిళ్ళ ఉలవలు మూటకట్టింది. ఎంతిమ్మంటావని అడిగితే చేతులు ఊపేసింది.

కొండ కొమ్మున

సాయంత్రం ఎండ ఉండగానే శిఖరం చేరాం. కిందన ఊరంతా అగ్గిపెట్టెలో సర్దినట్టుంది. రెండు నదులు, వాటి మధ్య మా కార్ఖానా చిమ్నీలు, వాటి పొగ. అంత పెద్ద కార్ఖానా, నన్ను ఆరు వారాలు నిద్రపోనివ్వనిది, పైనించి చూస్తే చుట్ట కాలుస్తున్న ముసలివాడిలా ఉంది. మా అయ్య ఎర్రటి రైలు యార్డు వెతికి పట్టుకుని, అదిగో మన క్వార్టరు అని వేలు పెట్టి చూపించాడు. వేలి కింద బాగ్‌బేరా మొత్తం దాక్కుంది.

గుడి గుహలాగా ఉంటుంది. వంగి వెళ్ళాలి. నేను వెళ్ళేటప్పుడు కొంచెం, వచ్చేటప్పుడు ఇంకొంచెం ఇబ్బందిపడ్డాను. మా అయ్య లోపల చాలాసేపున్నాడు. పాత మొక్కేమిటో అడిగితే, పాతదేమీ లేదు, ఇప్పుడే ఒకటి మొక్కానన్నాడు.

ఆ పూట అంబలి ఆయనే కాచాడు. నా ఎరుకలో మా అయ్య పొయ్యి ముందు కూర్చోవడం అదొక్కసారే. నేను మరిగే నీళ్ళలో పిండి పొయ్యబోతే చెయ్యి మీద కొట్టాడు. చన్నీళ్ళలో ముందు కలపాలి, లేకపోతే ఉండకడుతుంది, మా నానమ్మే చూస్తే నాకు రెండో దెబ్బ పడేదన్నాడు. చల్లార్చి, ఉప్పేసి, నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ చిదిమి ఇచ్చాడు. నాకు ముప్పై రెండేళ్ళు. మా నానమ్మ వంట నేను తిన్నది ఆ రోజే. మట్టివాసన, కాస్త పులుపు, గొంతు దిగాక చల్లదనం. నాకు నచ్చిందో లేదో తేల్చుకునేలోపు గ్లాసు ఖాళీ అయింది.

ఆదివారం దిగుతూ ఉలవలు నమిలాం, దారిలో మూడీ బొక్కాం. నా మోకాళ్ళు ఒక్కొక్క రాయి దగ్గరా నిరసన తెలిపాయి. డిమ్నా దగ్గర టీ కొట్టువాడు పదిహేను పైసల టీలో పంచదార వెయ్యబోతే, వద్దని ముందుగా అన్నది ఘోష్‌దా కాదు, మా అయ్య.

సోమవారం

కాటా మీద నిలబడ్డాను. ముల్లు ఊగి ఊగి ఎనభై ఆరు దగ్గర ఆగింది.

ఒక కిలో ఎక్కువ. డాక్టరుగారు కాగితం చూశారు, నన్ను చూశారు, కలం మూత తీశారు. ఏం తిన్నావని అడిగారు. శనగలు, మూడీ, మొలకలు, మడువా, ఉలవలు అని వరసగా చెప్పాను. ఒక సంచి సంగతి మింగేశాను, అదెలాగూ అప్పటికే మింగేసినదే కదా. ఎలా వెళ్ళావు అన్నారు. దల్మా మీదికి నడిచి వెళ్ళి నడిచి వచ్చానన్నాను. ఆయన కలం మూత పెట్టేసి, పద, నిచ్చెన దగ్గరికి అన్నారు.

ఎక్కాను. ఎక్కేటప్పుడు కార్ఖానా గుర్తు లేదు. రెండు చేతులా దొప్ప పట్టుకున్న మనిషే గుర్తున్నాడు. పైన నిలబడి నా పేరు చెప్పాను, ఆయన అడక్కుండానే మా అయ్య పేరు కూడా చెప్పాను, ఊపిరి ఇంకా మిగిలితే ఊరి పేరు కూడా చెప్పాను. చాల్లే దిగు అని ఆయన కింద నుంచి చెయ్యి ఊపారు. మిగతా కిలో మూడు నెలల్లో దించమని రాసి, సంతకం పెట్టారు.

మా అయ్య పొద్దున్నించీ గేటు బయట కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. నా బుద్ధి పోనిచ్చుకోక, మొహం వేలాడదీసుకుని వెళ్ళి, "ఎనభై ఆరు" అని ఊరుకున్నాను. ఆయన తువ్వాలు తీసి మొహం మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో నేను ఆడిన వేళాకోళాల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే. గబగబా మిగతాది చెప్పేశాను. నిచ్చెన, పేరు, సంతకం.

తువ్వాలు తియ్యడానికి ఆయన కొంచెం సేపు తీసుకున్నాడు. నేను దాన్ని నవ్వులోకి తిప్పుదామని, "ఇంకేటి సేత్తావయ్యా? రేపట్నించి అరవై మెట్ల పైనుంతాను. నువ్వు పెట్టింది నాకు అందదు" అన్నాను.

మా అయ్య లేచి, పంచె దులుపుకున్నాడు.

"ఎక్కడం వొచ్చినోడికి దిగడం రాదేట్రా" అన్నాడు. "అన్నం ఏలకి దిగు."